ఆగస్టులో పూసే గోంగూర

ఆఫీసు లాప్‌టాప్ మూసి ఇంటి లాప్‌టాప్ తెరవడం, ఇదీ కొన్నేళ్ళుగా నా సాయంత్రం. మొదటిది జీతం ఇస్తుంది. రెండోది ఏమీ ఇవ్వదు, పైగా తలనొప్పి తెచ్చిపెడుతుంది. అందులో నేను చూసేది ఒక మొక్కల డేటాబేస్. దున్నకుండా, మందులు కొట్టకుండా, నేల సారం పోకుండా పండించాలనుకునేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కలిసి, తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నది. మొక్కకొక పేజీ. ఎంత ఎండ కావాలి, ఎంత చలిని తట్టుకుంటుంది, పక్కన ఏది వేస్తే దానికి సుఖం, మట్టికి ఏం మేలు చేస్తుంది, ఏ భాగం తినొచ్చు, అన్నీ ఉంటాయి. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా తీసుకుపోయి వాడుకోవచ్చు.

చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. చేసేవాళ్ళకి తెలుస్తుంది. ఇర్వింగ్‌లో ఒకాయన కరివేపాకు చలికాలం బయటే బతికేస్తుందని రాస్తాడు. ఆ మాట నమ్మి నేపర్‌విల్‌లో ఒకావిడ తన చెట్టుని బయట వదిలేస్తుంది. అది కాస్తా చచ్చాక ఇద్దరూ వచ్చి నా మీద పడతారు. టెక్సస్ చలి వేరు తల్లీ, ఇల్లినాయ్ చలి వేరు నాయనా అని ఇద్దరికీ నచ్చజెప్పేసరికి నా అన్నం చల్లారిపోతుంది.

ఇందులోకి నేనేమీ ఉద్ధరిద్దామని రాలేదు. ఒకరోజు ఊరికే చూస్తుంటే బచ్చలి పేజీలో 'అందం కోసం పెంచే తీగ' అని కనిపించింది. ఒళ్ళు మండి, ఇది మేం పప్పులో వేసుకుంటాం, బజ్జీలు వేసుకుంటాం, కందతో కలిపి వండుకుంటాం అని దిద్దాను. అంతే. మర్నాటికల్లా, మీకు ఇవన్నీ బాగా తెలిసినట్టుంది, మీ దేశపు కూరలన్నీ మీరే చూసుకోండి అని నిర్వాహకుల నుంచి మెసేజ్. తోటకూర, చుక్కకూర, పొన్నగంటి, దొండ, పొట్ల, అన్నీ వచ్చి నా నెత్తిన కూర్చున్నాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

పోనీ నేనేమైనా పెద్ద తోటమాలినా అంటే అదీ కాదు. మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గరి నోవైలో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్ మాది. బాల్కనీలో ఒకే ఒక కుండీ, అందులో పుదీనా, అది కూడా ఎప్పుడూ అలిగి ఉంటుంది. నా ఉద్యోగం కార్లలో వాడే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేసి తప్పులు పట్టడం. పగలంతా తప్పులు పట్టి, సాయంత్రం మళ్ళీ మొక్కల్లో తప్పులు పట్టడం. ఎందుకు చేస్తున్నావు ఇదంతా అని మా ఆయన అడిగేవాడు. మానేస్తే ఇంకెవరూ చెయ్యరు, అదొక్కటే కారణం.

గోంగూర గొడవ డాక్టర్ గారితో మొదలైంది. మాకు నాలుగు వీధుల అవతల ఉంటారు. రిటైరయి చాలా కాలమైంది. మా తరం పుట్టకముందే ఈ దేశం వచ్చినవారు. ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల ఎక్కడైనా తోటకూర కట్ట కనిపిస్తే నలుగురికీ ఫోన్లు చేసి చెప్పేవాళ్ళట. అందుకే ఇల్లు కొనగానే వెనక గడ్డి పీకించి కూరగాయలు వేశారు. మట్టి తవ్వరు. రాలిన ఆకులు, గడ్డి, వంటింటి తొక్కలు పరిచి, ఆ పైనే విత్తుతారు. ఇప్పుడు పుస్తకాల్లో, మా డేటాబేస్‌లో గొప్పగా చెప్పుకునే పద్ధతి అదే. ఆయన మాత్రం, నడుం నొప్పమ్మా, తవ్వలేక మానేశాను అని నవ్వేవారు.

గోంగూరకి ఒక చిక్కుంది. పగళ్ళు బాగా పొట్టివైతే తప్ప అది పూత పట్టదు. మన దగ్గర ఇబ్బంది లేదు. మిషిగన్‌లో పగళ్ళు అంత పొట్టిగా అయ్యేసరికి మంచు వచ్చి పడుతుంది. పూత వచ్చినా కాయ ముదరదు, కాయ ముదరకపోతే గింజ లేదు. అందుకని ఇక్కడ అందరూ ప్రతి ఏడూ ఇండియా నుంచి ఎవరో ఒకరు తెచ్చిన గింజల మీదో, స్టోర్‌లో అమ్మే పాకెట్ల మీదో ఆధారపడతారు. ఒక ఏడు డాక్టర్ గారి మడిలో ఒక్క మొక్క మాత్రం మిగతావాటికంటే ముందే పూసింది. ఆయన దాని గింజలు తీసి దాచారు. ఆ పైన ఏళ్ళ తరబడి ఎంచి ఎంచి, చివరికి మడి మడంతా ఆగస్టులోనే పూసేలా చేశారు. సెప్టెంబరు అయ్యేసరికి కాయలు ఎండి, నూగు చేతులకి గుచ్చుకుంటూ గలగలమనేవి. ఇంత చలి దేశంలో గింజ ఇచ్చే గోంగూర నాకు తెలిసి ఇంకెక్కడా లేదు.

దాన్ని మా డేటాబేస్‌లో పెట్టాలని ఆయనకి బలంగా ఉండేది. రెండు వేళ్ళతో టైప్ చేసుకుంటూ పేజీ ఆయనే తయారు చేశారు. నా పేరు వద్దమ్మా, మొక్క ఉంటే చాలు, చలి దేశాల్లో ఎవరికైనా పనికొస్తుంది అన్నారు. కానీ మా దగ్గర ఒక నియమం ఉంది. ఏ కొత్త రకమైనా, తయారు చేసినాయన కాక ఇంకొకరు కూడా పెంచి, అవును నిజమే అని చెబితేనే ఆ పేజీ అందరికీ కనిపిస్తుంది. మంచి నియమమే. లేకపోతే ప్రతివాడూ మా పెరట్లో కల్పవృక్షం ఉందని రాస్తాడు. కాబట్టి ఆ రెండో మనిషిని వెతకడం నా పని అయింది.

ఇది సులువనుకున్నాను. ఎందుకంటే డాక్టర్ గారి గోంగూర తినని తెలుగువాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. ఆయన పెరడంతా దొంగతనం మీదే నడిచేది. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు, దొంగిలించి తెచ్చుకున్నదే బతుకుతుంది అని మనవాళ్ళకి నమ్మకం కదా. దాన్ని ఇక్కడికి కూడా జాగ్రత్తగా మోసుకొచ్చారు. ఆదివారాలు జనం వాళ్ళింటికి టీకి వెళ్ళేవాళ్ళు. కాసేపయ్యాక ఎవరో ఒకరు లేచి, ఆంటీ, గార్డెన్ చూసొస్తాం అనేవాళ్ళు. ఆంటీ అంటే డాక్టర్ గారి భార్య, లేచి వంటింటి కిటికీ తెర దించేవారు. డాక్టర్ గారు టీవీ సౌండ్ పెంచేవారు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి ఆకుతో, కాయలతో జాకెట్ జేబులు ఉబ్బి ఉండేవి, చున్నీ కొంగులు ముడేసి ఉండేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. చూసీ చూడనట్టు ఉండడం ఇచ్చేవాళ్ళ మర్యాద. ఎక్కడిదని అడిగితే చెప్పకపోవడం తీసుకున్నవాళ్ళ మర్యాద. చెబితే మొక్క ఎండిపోతుందట.

మా డేటాబేస్ ఫారంలో 'ఈ మొక్క మీకు ఎక్కడి నుంచి వచ్చింది' అని ఒక గడి ఉంది. మిషిగన్ నుంచి గోంగూర రాసినవాళ్ళంతా ఆ గడిలో ఏం నింపారో చూశాను. ఇండియా. ఫ్రెండ్. గుర్తు లేదు. ఒకాయన 'దేవుడి దయ' అని రాశాడు. డాక్టర్ గారి మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎప్పుడు పూసింది అనే గడి సంగతి సరేసరి, మనం ఆకు తినే జాతి, పువ్వు ఎవరు చూస్తారు. పేజీ అలాగే ఎవరికీ కనిపించకుండా పడి ఉంది. ఎలాగైనా ఎవరినో ఒకరిని ఒప్పిద్దాంలే, తొందరేముంది అనుకుంటూ రోజులు గడిపాను. ఆఫీసులో పని అలా ఉండేది మరి.

ఆ సెప్టెంబరులో డాక్టర్ గారికి గుండె ఆపరేషన్ అయింది. తరవాత ఏదో ఇన్ఫెక్షన్. హాస్పిటల్ నుంచి రీహాబ్‌కి, అక్కణ్ణుంచి మళ్ళీ హాస్పిటల్‌కి. ఆంటీ ఆయన దగ్గరే ఉండిపోయారు. ఇల్లు తాళం. పెరట్లో గోంగూర కాయలు ఎండి, కోసేవాళ్ళ కోసం చూస్తున్నాయి. గేటుకి గొళ్ళెం కూడా ఉండదు. అయినా ఆ ఏడు ఒక్కరూ అటు వెళ్ళలేదు. మనిషి మంచం మీదుంటే వాళ్ళ పెరట్లో చెయ్యి పెట్టడమేమిటి, మనమేమైనా నిజం దొంగలమా అని అందరికీ అనిపించింది. నాకూ అనిపించింది. అక్టోబరంతా వాన. ఆ పైన మంచు. కాయలు మడిలోనే కుళ్ళి, బూజు పట్టి, నేలలో కలిసిపోయాయి.

మరీ అంత ముందుచూపు లేనివారు కాదు డాక్టర్ గారు. పాత గింజలు కొన్ని కవర్లలో పోసి గరాజ్‌లో షెల్ఫ్ మీద పెట్టుకునేవారు. ఇంట్లో మనుషులు లేని చలికాలం ఎలకలకి పండగ. ఏప్రిల్‌లో ఆయన వాకర్ పట్టుకుని ఇంటికొచ్చి చూసుకునేసరికి కవర్ల ముక్కలు, పొట్టు తప్ప ఏమీ లేవు.

నాకు ఫోన్ చేసింది ఆంటీ. "ఒకసారి రామ్మా. పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు ఆయన. నీతో మాట్లాడాలంటున్నారు," అన్నారు.

వెళ్ళాను. ఎండ వచ్చే గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. సగం మనిషయ్యారు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు.

"ఏమ్మా, నీ వెబ్‌సైట్‌లో చూసి చెప్పు. నా గోంగూర ఎంతమంది దగ్గర ఉంటుంది?" అన్నారు.

"పేర్లు లేవండీ. ఎవరూ మీ దగ్గర్నుంచి అని రాయలేదు."

"రాయరులే. కానీ ఉంటుంది కదా. ఇన్నేళ్ళ నుంచి పట్టుకెళ్తున్నారు."

"ఉంటుందండీ. ఉండకుండా ఎలా పోతుంది? నేను కనుక్కుంటాను," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నేను పోయినా పర్లేదమ్మా. నిజంగా చెబుతున్నా. ఇన్నేళ్ళూ ఎంతోమందికి మందులిచ్చాను, అవన్నీ ఎవరో కనిపెట్టినవి. నేనంటూ చేసింది ఈ ఒక్క మొక్కే. అది పోకూడదు," అన్నారు. ఆంటీ అవతలి గదిలోకి వెళ్ళిపోయారు. దొరుకుతుందండీ, దొరుకుతుంది అని రెండుసార్లు అన్నాను.

ఆ వారమంతా ఫోన్లే. ఆఫీసులో ఒక పక్క లేఆఫ్ పుకార్లు, మీటింగులు, వాటి మధ్యలో లంచ్ టైమ్‌లో కార్‌లో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసేదాన్ని. డాక్టర్ గారి గోంగూర గింజలు మీ దగ్గర ఉన్నాయా అని అడగ్గానే అవతల గొంతు మారిపోయేది. అబ్బే, మేం ఆయన పెరట్లోంచి ఏమీ తీసుకోలేదండీ అనేవాళ్ళు. ఒకావిడ, ఎవరు చెప్పారు మీకు అని ఎదురు అడిగింది. ఇంకొకాయన అసలు మా ఇంట్లో గోంగూర తినమండీ, నాకు యాసిడిటీ అన్నాడు. ఆయన భార్య ఎత్తుకొచ్చిన గోంగూరతో పట్టిన పచ్చడి నేనే వాళ్ళింట్లో తిన్నాను. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. దొంగతనం కాదండీ, ఆయన అడగమన్నారు, గింజలు పోయాయి అని విడమరిచి చెప్పినా, అయ్యో పాపం అనేవాళ్ళు గాని మా దగ్గర ఉన్నాయి అని ఒక్కరూ అనలేదు. నాకు విసుగొచ్చి, చివర్లో కొందరితో కాస్త కటువుగానే మాట్లాడాను.

మార్గం ఆంటీయే చెప్పారు. "తీసుకెళ్ళేటప్పుడు మేం ఎలా చూడలేదో ఇచ్చేటప్పుడూ అలాగే చూడం. శనివారం మేం గుడికి పోతాం. గేటు తీసి ఉంచుతాం. గింజలున్నవాళ్ళు వచ్చి బల్ల మీద పెట్టి పొమ్మను. ఎవరు పెట్టారో ఎవరూ అడగరు."

వాట్సాప్ గ్రూప్‌లో అదే రాశాను. డాక్టర్ గారి గోంగూర పోయింది, ఎవరి దగ్గరైనా ఉంటే ఫలానా టైమ్‌కి వెళ్ళి పెట్టి రండి, పేర్లు వద్దు అని. నమస్కారం బొమ్మలు, గుండె బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఆ శనివారం సాయంత్రం నేను వెళ్ళేసరికి పెరట్లో బల్ల నిండిపోయి ఉంది. జిప్‌లాక్ కవర్లు, మందుల సీసాలు, పెరుగు డబ్బాలు, ఒక బేబీ ఫుడ్ సీసా. అన్నిట్లోనూ గోంగూర గింజలే. డాక్టర్ గారు ఒక్కో సీసా ఎత్తి గలగల ఆడిస్తున్నారు. చాలా రోజుల తరవాత ఆయన నవ్వడం చూశాను.

"చూశావా, మనవాళ్ళు మంచివాళ్ళమ్మా," అన్నారు.

నేనూ అదే అనుకున్నాను. అన్ని ఫోన్లు చేసి అందరినీ తిట్టుకున్నందుకు సిగ్గేసింది కూడా.

మే నెలాఖరులో విత్తాం. విత్తాం అంటే ఆయన కుర్చీలో కూర్చుని చెప్పారు, నేను వంగి వేశాను. ఒక్కో సీసాకి ఒక్కో వరస, మధ్య మధ్య పుల్లలు గుచ్చి. ఏ వరస ఆగస్టులో పూస్తే అది మనది అన్నారు. ఆకులు పరిచాను, నీళ్ళు పోశాను. నడుం పట్టేసి రెండు రోజులు లేవలేకపోయాను. మా ఆయన ఏమీ అనలేదు, నొప్పి మందు తెచ్చి రాశాడు.

ఆ వేసవి నాకు సరిగ్గా గుర్తు లేదు, అంత అలిసిపోయి ఉన్నాను. మా టీమ్‌లో సగం మందిని తీసేశారు. మిగిలినవాళ్ళ మీద ఆ పని కూడా పడింది. నా వీసా ఎక్స్‌టెన్షన్ పేపర్లు వెళ్ళాయి గాని జవాబు రాలేదు. డేటాబేస్ నిర్వాహకులు ఆన్‌లైన్ మీటింగ్ పెట్టి, ఎవరూ ధ్రువీకరించని పేజీలన్నీ జూలై చివర్లో తీసేస్తాం అన్నారు. డాక్టర్ గారి పేజీకి కొంచెం టైమివ్వండి, ఆగస్టులో తెలుస్తుంది అని బతిమాలుకున్నాను. ష్యూర్, నో ప్రాబ్లం అన్నారు. వాళ్ళని అనడానికీ లేదు, వాళ్ళూ నాలాగే ఊరికే చేస్తున్నవాళ్ళు. శనివారాలు వెళ్ళి కలుపు తీసేదాన్ని. గోంగూర నా భుజాల దాకా పెరిగింది. కళ్ళు చెదిరే పచ్చదనం.

ఆగస్టు వచ్చింది. డాక్టర్ గారు రోజూ పొద్దున్నే వాకర్‌తో మడి దాకా వెళ్ళి, ఆకుల చంకల్లో మొగ్గ ఉందేమోనని భూతద్దం పెట్టి చూసేవారట. సాయంత్రం నాకు ఫోన్. "ఇంకా లేదమ్మా. రేపు చూద్దాం." మర్నాడు మళ్ళీ అదే మాట. ఆగస్టు సగమైంది. ముప్పాతికైంది. ఒక్క వరసలో కూడా ఒక్క మొగ్గ లేదు. ఎండలు ఆలస్యమయ్యాయేమో అనేవారు, వానలు ఎక్కువయ్యాయేమో అనేవారు. సెప్టెంబరు మొదటి వారం దాటాక ఫోన్లు కూడా తగ్గిపోయాయి.

అసలు సంగతి మా కింది ఇంటి అమ్మాయి చెప్పింది. వరంగల్ వాళ్ళు, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరే. డాక్టర్ గారింటికి తప్పకుండా వెళ్ళేవాళ్ళలో మొదటివాళ్ళు. ఇద్దరం కలిసి గ్రోసరీకి వెళ్ళొస్తున్నాం, నేను డ్రైవ్ చేస్తున్నాను. గోంగూర ఒక్కటీ పూయలేదు, ఆయన మొహం చూడలేకపోతున్నాను అని అన్నాను.

"అక్కా, ఒకటి చెప్తా, తిట్టకు," అంది. "మేం పెట్టిన గింజలు డాక్టర్ సార్‌వి కావు. స్టోర్‌ల పాకెట్ కొని జిప్‌లాక్‌ల పోసి పెట్టిన."

"ఎందుకు?"

"మరి ఖాళీ చేతుల్తోని ఎట్ల పోతం అక్కా? అంత పెద్దమనిషి, ఒంట్ల బాలేదు, ఇన్నేండ్లు ఆయన తోటల తిన్నం. ఆయన అడిగినంక లేవంటే మంచిగుంటదా?"

"మరి ఆయన దగ్గర్నుంచి తెచ్చుకున్నవి ఏమయ్యాయి?"

"వేస్తిమి, తింటిమి. ఆకు వచ్చినకొద్దీ కోసుకుంటనే ఉంటిమి, ఇగ పువ్వెక్కడిది, కాయెక్కడిది? గింజలు దాచుకోవాలన్న సోయి లేకపాయె. మల్ల యాడాదికి సార్ దగ్గర ఉంటయి గదా, ఇంకిన్ని తెచ్చుకుందాం అనుకుంటిమి. నువ్వు ఫోన్ చేసినప్పుడు లేవు అన్న. నిజంగనే లేవు."

"అందరూ అంతేనా?"

"నాకు తెలిసినోళ్ళందరూ అంతే. ఎవరింట్లనన్న ఉంటే మిగిలినోళ్ళు వాళ్ళనే అడుగుతురు గదా, ఎందుకు కొంటరు? స్టోర్‌ల గోంగూర పాకెట్లు ఆ వారం అయిపోయినయంట అక్కా."

కారు పక్కకి ఆపాల్సి వచ్చింది. ఆమె మీద అరవాలని నోటిదాకా వచ్చింది. అరవలేదు. ఫోన్‌లో ఆమె అబద్ధం ఆడలేదు. గింజల సంగతిలో ఎవరూ ఆడలేదు. గింజలు లేవని అందరూ నిజమే చెప్పారు, నేనే నమ్మలేదు. తరవాత అందరూ ప్రేమ కొద్దీ అబద్ధపు గింజలు తెచ్చి పెట్టారు, వాటిని నమ్మాను. తిలా పాపం తలా పిడికెడు అంటే ఇదేనేమో. ఒక్క ఇంట్లో ఎవరైనా ఒక్క మొక్కని కొయ్యకుండా వదిలేసి ఉంటే సరిపోయేది. ఒకే ఒక్క మొక్క. నాకు దుఃఖం కంటే అలసట ఎక్కువగా అనిపించింది. ఆ అమ్మాయి ఏడుస్తోంది. పోనీలే, నువ్వేం చేస్తావు అని కారు మళ్ళీ రోడ్డెక్కించాను.

డాక్టర్ గారికి చెప్పకుండా ఉండలేను, చెప్పనూ లేను. వారం నానబెట్టాను. చివరికి ఒక శనివారం వెళ్ళి, పెరట్లో ఆయన పక్కన కుర్చీ వేసుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. స్టోర్ పాకెట్లు, జిప్‌లాక్‌లు, అన్నీ. ఆంటీ తలుపు దగ్గర నిలబడి విన్నారు.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. తరవాత అన్నారు. "నా తప్పేనమ్మా అది. అందరూ ఆంటీ పచ్చడి అద్భుతం అంటే పొంగిపోయాను. ఆకు పట్టుకెళ్తుంటే మురిసిపోయాను. గింజ ఎలా నిలుపుకోవాలో ఒక్కరికీ చూపించలేదు. ఉన్నన్నాళ్ళు నా దగ్గర ఉంటుందిలే అని నేనూ అనుకున్నాను, వాళ్ళూ అనుకున్నారు."

"పేజీ తీసేయమంటారా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఏముందని ఉంచుతావు? లేని మొక్క ఉందని రాస్తే అబద్ధం కదా. తీసెయ్," అన్నారు. వాకర్ పట్టుకుని లేచారు. నేను పట్టుకోబోతే వద్దన్నారు. మెల్లగా మడి దగ్గరికి నడిచి, వరసల మధ్య ఒక్కో మొక్కనీ చూసుకుంటూ పోయారు. వాటిని పీకించేస్తారేమో, ఆ పని నాకే చెబుతారేమో అనుకున్నాను.

చివరి వరసలో ఆగారు. "ఇటు రా. నాకు వంగడం కాదు. ఇది మొగ్గేనా?" అన్నారు.

వంగి చూశాను. మొగ్గ కాదు, పువ్వే. లేత పసుపు రేకులు, నడిమధ్య ముదురు ఎరుపు. చుట్టూ అంత మడిలో ఇంకెక్కడా లేదు. ఆగస్టు పోయి చాలా రోజులైంది, దీని కాయ ఈ చలికి ముదిరేది కాదు. ఇది స్టోర్‌లో ఎవరో కొన్న పాకెట్లోని మామూలు గింజ. ఆ మాటే ఆయనతో అన్నాను.

"తెలుసు. ఇది ఆ మొక్క కాదు. కానీ ఇంతమందిలో ముందు పూసింది ఇదేగా." ఆంటీని కేకేసి ఎర్ర దారం తెమ్మన్నారు. దారం నా చేతికిచ్చారు. "దీనికి కట్టు. దారం ఉన్నదాని ఆకు ఎవరూ కొయ్యకూడదు, ఎంత మంచివాళ్ళడిగినా సరే. మంచు పడకముందే కుండీలోకి ఎత్తి లోపల పెట్టాలి. గింజ ఇస్తుంది. ఆ గింజలన్నీ వచ్చే ఏడు వెయ్యాలి. వాటిలో ఏది ముందు పూస్తే దానికి మళ్ళీ దారం. అంతే. నేను చేసిందీ అంతే, ఇంకే విద్యా లేదు."

"మీకు ఎన్నేళ్ళు పట్టిందండీ?"

"పాతికేళ్ళ పైనే. మొదట్లో ఏం చూడాలో తెలీక చాలా ఏళ్ళు పోగొట్టుకున్నాను. నీకు అన్ని పట్టవులే."

నీకు అన్నారు. నేను దారం పట్టుకుని అలాగే వంగి ఉన్నాను. వీసా జవాబు ఇంకా రాలేదని, ఈ చలికాలం దాటాక మేం ఏ ఊళ్ళో ఉంటామో మాకే తెలీదని, నాకు సొంత ఇల్లు లేదు, పెరడు లేదు, ఓపిక అసలే లేదని, అన్నీ చెప్పాలనిపించింది. తలెత్తి చూస్తే ఆయన నా వైపు చూడడం లేదు. కళ్ళు చికిలించి నా వేళ్ళ వైపు చూస్తున్నారు.

"మరీ బిగించకు. కాండం ఇంకా లావవుతుంది," అన్నారు.

ముడి విప్పి, కొంచెం వదులుగా మళ్ళీ కట్టాను.